నడుమ ఖాళీ వదలండి: చిన్న పెరడు గురించి నాలుగు మాటలు

(రాజమహేంద్రవరంలో ఒక కాలనీవాసుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, తిరిగి తిరిగి వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా అండీ? సరే.

నన్ను పిలవడానికి వచ్చినప్పుడు మీ కార్యదర్శిగారు మొహమాటపడుతూ ఒక మాట అన్నారు. "మేడమ్, మావన్నీ చిన్న ఇళ్లు. వెనక ఆరడుగులో ఏడడుగులో ఉంటుంది. దానికోసం మీరు ఇంత దూరం రావడం..." అని. నేను వచ్చిందే ఆ ఏడడుగుల కోసం. ఎకరం తోట ఎలా వేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నా పెరడు కొలత చెప్తాను వినండి. మాది 150 గజాల స్థలం, 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు. ఇల్లు కట్టాక వెనక మిగిలింది 7 అడుగులు. ఏడు ముప్ఫైలు 210 చదరపు అడుగులు, గజాల్లో చెప్పుకుంటే 23. అందులోనే గిన్నెలు తోముకునే చప్టా, బట్టల దండెం, మోటారు, సెప్టిక్ ట్యాంకు మూత, గ్యాస్ బండ. ఇవన్నీ పోను మిగిలిందే నా తోట. (నవ్వులు)

ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే అడుగుతారు, "ఏ మొక్కలు వేయమంటారు?" అని. మొక్కల సంగతి ఆఖరున చూద్దాం అంటాను. ముందు ముగ్గుపిండి తీసుకురమ్మంటాను. పూజకి కాదండీ. ఒక సెలవు రోజున పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, నాలుగింటికి ఒకసారి పెరట్లోకి వెళ్లి, నీడ ఎక్కడ ఆగిందో అక్కడ ముగ్గుతో గీత గీయండి. మూడు గీతలు. ఇది మే నెలలో ఒకసారి చేయాలి, సంక్రాంతి ముగ్గుల రోజుల్లో ఇంకోసారి చేయాలి. ఎందుకంటే ఆ రెండు నెలల్లో మీ పెరడు రెండు వేరు వేరు పెరళ్లు.

ఇది కొంచెం విడమరిచి చెప్తాను, చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి. మనం ఉన్నది దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. హైదరాబాదు కూడా ఇంచుమించు అంతే. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి మీదికి వచ్చి కొద్దిగా ఉత్తరానికి కూడా ఒరుగుతాడు. డిసెంబరులో బాగా దక్షిణానికి జరిగిపోతాడు. ఆ నెలాఖరున మధ్యాహ్నం పన్నెండింటికి కూడా 20 అడుగుల మేడ నీడ ఉత్తరం వైపు 17 అడుగులు పడుతుంది. మరి మీ ఇల్లు దక్షిణం వాకిలి అనుకోండి, పెరడు ఉత్తరాన ఉంటుంది. వెడల్పు ఏడడుగులు, నీడ పదిహేడడుగులు. చలికాలమంతా అక్కడ నేల తడి ఆరదు. అక్కడ టమాటా, వంగ, చిక్కుడు వేసి, ఆకులొస్తున్నాయి గానీ కాయలు రావట్లేదని ఎరువు మీద ఎరువు వేస్తారు. ఎరువు ఏం చేస్తుంది, ఎండ లేకపోతే? అలాంటి పెరడుకి తమలపాకు తీగ వేయండి, పసుపు, అల్లం, పుదీనా వేయండి. తమలపాకుకి నీడ పుట్టిల్లు. ఎండలో పెట్టి ఏడిపించేవాళ్లని చూశాను.

ఉత్తరం వాకిలి ఇంటికి పెరడు దక్షిణాన వస్తుంది. వెనకింటివాళ్ల మేడ మరీ అడ్డు రాకపోతే, కూరగాయలకి దాన్ని మించింది లేదు. పడమటి వాకిలి ఇంటికి తూర్పు పెరడు, పొద్దుటి ఎండ. మల్లెలు, మందారాలు, ఆకుకూరలు అన్నీ వస్తాయి. ఆ ఇళ్లకి గిరాకీ తక్కువ అంటారు గానీ, మొక్కలకి ఆ సంగతి తెలియదు.

ఇక మనవాళ్లందరూ ఏరికోరి కొనుక్కునేది తూర్పు వాకిలి. దాని పెరడు పడమట. మాదీ అదే. ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం రెండింటి నుంచి ఇంటి వెనక గోడ మీద ఎండ పడుతూనే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి వెనక గది గోడ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా కాదు, బాగా వేడిగా ఉంటుంది. వాస్తు చెప్పేవాళ్లు ఎత్తు చెట్లు దక్షిణాన, పడమట ఉండాలి, ఈశాన్యం ఖాళీగా ఉండాలి అంటారు కదా. వాళ్ల కారణాలు వాళ్లకి ఉంటాయి. నా కారణం మాత్రం ఆ గోడ. పడమటెండకి అడ్డం ఏదో ఒకటి ఉండాల్సిందే. ఆ అడ్డం చెట్టు కావాలా, పందిరి కావాలా అన్నది తర్వాత చెప్తాను.

ముందు నా తప్పు చెప్పాలి.

ఇల్లు కట్టిన కొత్తలో మాకు పెరడు మీద మహా సరదా. కడియం నర్సరీలు పక్కనే కదా. కడియపులంక రోడ్డు మీద వెళ్తూ, అటూ ఇటూ ఆ మొక్కల వరసలు చూసి కూడా ఆగకుండా రాగలిగినవాళ్లు ఉంటే చేతులెత్తండి. (నవ్వులు) నేనూ ఆగాను. ట్రక్కు ఆటోలో 43 మొక్కలు తెచ్చాను. బంగినపల్లి మామిడి, సపోటా, ఉసిరి, దానిమ్మ, నిమ్మ, మునగ, మూడు రకాల మందారాలు... పనస కూడా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మా అత్తగారు వెనక గుమ్మంలో నిలబడి, "ఇది పెరడా, నర్సరీయా అమ్మాయ్?" అన్నారు. పెద్దావిడ చాదస్తం అనుకున్నాను.

మొదటి ఏడాది భలే ఉంది. రెండో ఏడాది వానాకాలానికి పెరట్లో మనిషి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. దండెం మీద ఆరేసిన వెంకటగిరి చీర నిమ్మముల్లు తగులుకుని జానెడు చిరిగింది. మునగ మొద్దు మీద ఒక పొద్దున చూస్తే జేనెడు మేర బెరడు కదులుతున్నట్టుంది. దగ్గరికెళ్తే గొంగళి పురుగులు, గోధుమరంగువి, బొచ్చువి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. పగలు అలా మొద్దు మీద గుంపుగా పడుకుని, రాత్రి పైకెక్కి ఆకు తింటాయి. నా మునగ కొమ్మలు ప్రహరీ దాటి పక్కింటి కిటికీ మీదికి వెళ్లాయి కదా, పురుగులూ వెళ్లాయి. పక్కింటి పిన్నిగారి మనవడికి ఒళ్లంతా దద్దుర్లు. ఆవిడ పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను లెక్కపెట్టుకున్నాను.

ఆ దసరా సెలవుల్లో మనిషిని పెట్టి 43లో 35 తీయించేశాను. తీసినవాటిలో బతుకుతాయనుకున్నవి ఊళ్లో మా తమ్ముడి దొడ్లోకి పంపాం. పనస అక్కడ ఇప్పుడు కాపు కాస్తోంది. అన్నీ తీసేసిన రోజు సాయంత్రం మా ఆయన పెరట్లోకి కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. ఇల్లు కట్టాక ఆయన అక్కడ కూర్చోవడం అదే మొదలు. అప్పుడు నాకు అర్థమైంది, మాకు కావలసింది మొక్కలు పెట్టుకునే జాగా కాదని, మనుషులు కూర్చునే జాగా అని. అప్పటి నుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. చిన్న పెరడుకి నడుమ ఖాళీ వదలండి. మొక్కలన్నిటినీ అంచులకి నెట్టండి, గోడలెక్కించండి, నెత్తిమీదికి పంపండి. నేల నడిమి భాగం మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే మిగతాది సర్దుకుంటుంది.

ఇప్పుడు మా పెరడు ఎలా ఉందో చెప్తాను, అక్కణ్ణుంచి మీకు పనికొచ్చింది తీసుకోండి.

పడమటి ప్రహరీ వెంట రెండడుగుల వెడల్పున మట్టి బెడ్డు. ఇంటి గోడ పక్కన మట్టి లేదు. పునాది పక్కన రోజూ నీళ్లు పోయకూడదు కాబట్టి అటు మొక్కే వేయలేదు. దండెం మాత్రం ఆ గోడ వెంట, సన్‌షేడ్ కింద పొడవునా కట్టాం. వాన వచ్చినా సగం బట్టలు తడవవు. దక్షిణం కొసన చప్టా, కుళాయి. ఉత్తరం కొసన ఒక అరుగు. నడుమ అయిదడుగుల ఖాళీ.

ఆ అరుగు గురించి కాస్త చెప్పాలి. మనకి అరుగులు ఇంటి ముందు ఉండేవి, వీధులు వెడల్పు చేసినప్పుడు పోయాయి. నేను దాన్ని వెనక్కి తెచ్చుకున్నాను. ఎత్తు 18 అంగుళాలు, వెడల్పు 16, పొడవు అయిదడుగులు. పైన కడప పలక వేయించాను, అది తప్పు. నల్ల రాయి మధ్యాహ్నం కాలిపోతుంది, ఏడింటిదాకా కూర్చోలేం. మీరు తాండూరు రాయి లేత రంగుది వేయించుకోండి. అరుగు లోపల డొల్లగా కట్టించి, పక్కకి చిన్న తలుపు పెట్టించాను. గడ్డపార, పార, పైపు చుట్ట, ఖాళీ కుండీలు అన్నీ అందులోకి వెళ్లిపోతాయి. చిన్న పెరట్లో చిందరవందర కనిపించేది మొక్కల వల్ల కాదండీ, ఈ సామాను వల్ల.

అరుగు మీద పందిరి. జీఐ పైపులు నాలుగు, పైన తీగ అల్లించాం. ఎత్తు ఏడడుగులు పెట్టండి. ఆరున్నర పెడితే బీరకాయ దిగినప్పుడు నుదుటికి తగులుతుంది. పందిరి ఎందుకు, చెట్టు ఎందుకు కాదు అంటే, పడమటి పెరడుకి నీడ ఏప్రిల్‌లో కావాలి, డిసెంబరులో వద్దు. చెట్టుకి ఆ సంగతి చెప్పలేం. బీర, సొర జనవరి ఆఖరున విత్తితే ఏప్రిల్‌కి పందిరి నిండుతుంది. చలికాలానికి తీసేస్తే ఎండ నేలకి దిగుతుంది. ఏటేటా విత్తలేం అంటారా, దొండ వేయండి. చలికాలంలో అది ఎలాగూ నీరసపడుతుంది, అప్పుడు బాగా కత్తిరించేయండి, ఎండలు ముదిరేసరికి మళ్లీ అల్లుకుంటుంది. ఒకసారి వేస్తే మూడు నాలుగేళ్లు మళ్లీ నాటనక్కర్లేదు. ఒక్క పాదు చాలు నలుగురున్న ఇంటికి. రెండు పాదులు వేసినవాళ్లు దొండకాయ వేపుడు, దొండకాయ పచ్చడి, దొండకాయ కారం అంటూ వారం గడుపుతారు, ఆ తర్వాత మనకి పంచుతారు.

వేడెక్కే ఇంటి గోడకి ఇంకో ఉపాయం ఉంది. గోడకి అంటించకుండా నాలుగంగుళాల దూరంలో తీగలు లాగి, కుండీలోంచి శంఖుపూలో సన్నజాజో ఎక్కించండి. ఆ నాలుగంగుళాల్లో గాలి ఆడాలి. గోడకి అతుక్కునే తీగలు వద్దు, సున్నం ఊడగొడతాయి. నీడ పెరళ్లవాళ్లకి దీనికి తిరగేసి చెప్తాను. ప్రహరీకి లోపలివైపు తెల్ల సున్నం కొట్టండి. ఏ ముదురు రంగూ వద్దు. సున్నం మీద పడ్డ వెలుతురు తిరిగి మొక్కల మీద పడుతుంది, పెరడు కూడా రెండడుగులు పెరిగినట్టుంటుంది.

పెరిగినట్టుంటుంది అన్నాను కదా, ఇలాంటి కనికట్లు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి, వంటింటి గుమ్మంలోంచి చూస్తే పెరడంతా ఒక్కచూపులో కనపడకూడదు. మాకు అరుగుకి ముందు నడుమెత్తు క్రోటన్లు మూడు ఉన్నాయి. వాటిని దాటితే గానీ అరుగు కనపడదు. చూసినవాళ్లు ఇంకా లోపల ఏదో ఉందనుకుంటారు. ఉన్నది ఏడడుగులే. రెండోది, నేల మీద పలకలు గోడకి సమంగా కాకుండా ఏటవాలుగా పరిచాం. పలకకీ పలకకీ మధ్య రెండు వేళ్ల సందు, అందులో గరిక. వినాయక చవితికి బయట కొనక్కర్లేదు. ఆ సందుల్లోంచే వాన నీళ్లు ఇంకుతాయి. పెరడు మొత్తం టైల్స్ వేయించేస్తే శుభ్రంగా ఉంటుందనుకుంటారు. మేలో ఆ టైల్స్ మీద చెప్పుల్లేకుండా ఒకసారి నడిచి చూడండి చాలు.

లాన్ గురించి అడుగుతారు. 23 గజాల్లో లాన్ వద్దు. గడ్డికి రోజంతా ఎండ కావాలి, నీళ్లు కావాలి, కత్తిరించాలి. దాని మీద దండెం నీళ్లు కారుతాయి. అంతే.

ఇప్పుడు చెట్టు. ఒక్కటే వేయండి. ఏదో ఒక్కటే. ఎవరెన్ని చెప్పినా రెండోదానికి లొంగొద్దు. మామిడి లేనిదే ఉండలేం అంటే ఆమ్రపాలి ఉంది. దసేరీకీ నీలంకీ చేసిన సంకరం, పొట్టిరకం. తోటల్లో రెండున్నర మీటర్లకొకటి వేస్తారు. అందరూ అడిగే బంగినపల్లి మాత్రం ఇంతింత పెరళ్లలో పెట్టొద్దు. జామ అయితే చెప్పినమాట వింటుంది, కత్తిరించినకొద్దీ కొత్త చిగురు మీద కాస్తుంది. మునగ మీద నాకు పగ ఏమీ లేదు. పీకేఎం-1 రకం ఆరునెలల్లో కాపుకొస్తుంది. కాపు అయ్యాక మూడడుగుల ఎత్తుకి నరికేయాలి, ప్రహరీ దాటనివ్వకూడదు, వానాకాలంలో పొద్దున్నే మొద్దు చూసుకోవాలి. ఈ మూడూ చేయగలిగితేనే వేయండి. చేయలేనివాళ్లు పిన్నిగారిని దృష్టిలో పెట్టుకోండి. కరివేపాకుని నేను చెట్టు లెక్కలో వేయను, అయిదడుగుల్లో తుంచుతూ ఉంటే గుబురుగా ఉంటుంది. దాని వేళ్ల నుంచి వచ్చే పిలకలు మాత్రం ఎప్పటికప్పుడు తీయాలి, లేకపోతే మూడేళ్లకి పెరడంతా కరివేపాకే. రావి, మర్రి, బాదం గోడల పక్కన పెట్టేవి కాదని మీకు తెలుసు. కోనోకార్పస్ అని పచ్చగా కోనుగా పెరిగేది ఒకటి వచ్చింది, అడ్డుగోడలా పెరుగుతుందని చాలామంది వేశారు. వేళ్లతో డ్రైనేజీ పైపుల్లో దూరుతుంది. వద్దు.

మట్టి సంగతి చెప్పకుండా దిగిపోతే మీరు రేపు నన్ను తిట్టుకుంటారు. కొత్త ఇళ్ల పెరట్లో ఉండేది మట్టి కాదు. ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, సున్నం, పైన బండెడు గ్రావెల్. అందులో నిమ్మ పెట్టినా మల్లె పెట్టినా కొత్తాకు పసుపురంగుకి తిరుగుతుంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. ఇది తెగులు కాదు. సిమెంటు వల్ల మట్టిలో క్షారం పెరిగి మొక్కకి ఇనుము అందట్లేదు. బెడ్డు ఎంత చిన్నదైనా రెండడుగుల లోతు తవ్వించి, ఆ చెత్త పారబోయించి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. నా బెడ్డు 20 అడుగుల పొడవు, రెండు వెడల్పు, రెండు లోతు. 80 ఘనపుటడుగుల మట్టి పట్టింది. మొక్కల ఖర్చు కంటే దీనికే ఎక్కువైంది, అలాగే అవ్వాలి కూడా.

నీళ్లకి రెండు దారులు పెట్టుకోండి. చప్టా మీద గిన్నెలు తోమిన నీళ్లు, బట్టల నీళ్లు ఒక దారి. అది అరటికి, మెట్టతామరకి. ఈ రెండూ ఎంత తాగినా ఇంకా అంటాయి. మా అమ్మమ్మగారింట్లో కూడా తూము దగ్గరే అరటి ఉండేది, ఎవరూ డిజైన్ చేయలేదు. ఆ సబ్బు నీళ్లు ఆకుకూరలకి మాత్రం పారనివ్వొద్దు. రెండో దారి డాబా మీది వాన నీళ్లు. లెక్క తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ డాబా 120 గజాలు, అంటే 100 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల పెద్ద వాన ఒకటి పడితే 5,000 లీటర్లు, ఒక ట్యాంకరు. అది పైపులోంచి రోడ్డు మీదికి పోతోంది, మనం మేలో ట్యాంకరు కొంటున్నాం. 2002లో నీళ్లు, నేల, చెట్ల రక్షణకని వాల్టా చట్టం వచ్చినప్పటి నుంచి ఇంకుడు గుంత మాట వింటూనే ఉన్నాం. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక. పునాదికి, సెప్టిక్ ట్యాంకుకి దూరంగా ఉండాలి. దాని మీద పలకలు సందులతో పరిస్తే అది ఉన్నట్టే తెలియదు, నడుమ ఖాళీ ఖాళీగానే ఉంటుంది. కోనసీమలో బంధువులున్నవాళ్లు వాళ్లకి ఇది చెప్పకండి. అక్కడ వానాకాలంలో జానెడు తవ్వితే నీళ్లు, ఇంకడానికి చోటుండదు.

సెప్టిక్ ట్యాంకు మూత మీద మట్టి పోసి దాచకండి. నాలుగు కుండీలు పెట్టండి, అవసరమైతే జరుపుకోవచ్చు. మట్టి పోసి దాచినాయన ఒకాయన, అది నిండిన రోజు, దాని మీది కనకాంబరాలతో సహా తవ్వించాడు.

ప్రశ్నలుంటే అడగండి. ఏమ్మా?

(సభలోంచి ఒకరు: మాది అద్దె ఇల్లండీ. తవ్వనివ్వరు.)

తవ్వకండి. నడుమ ఖాళీ అన్నది మీకు ఇంకా తేలిక. అంచుల్లో సంచులు పెట్టుకోండి, కింద రెండేసి ఇటుకలు పెట్టి. ఇటుకలెందుకంటే నీళ్లు కారిపోవాలి, నేల మీద మరకపడకూడదు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడకూడదు. (నవ్వులు) బచ్చలి సంచిలో వస్తుంది, కిటికీ ఊచలకి ఎక్కుతుంది. ఇల్లు మారినప్పుడు కొమ్మ తుంచుకుపోతే చాలు.

(ఇంకొకరు: మొక్కలుంటే దోమలు, పాములు అని మా పిల్లలు ఒప్పుకోవట్లేదమ్మా.)

దోమ మొక్కలో పుట్టదండీ, నిలవ నీళ్లలో పుడుతుంది. గుడ్డు దోమ కావడానికి ఎనిమిది పది రోజులు పడుతుంది, కాబట్టి కుండీల కింది పళ్లేలు, కుళాయి కింది బకెట్టు వారానికోసారి బోర్లిస్తే అక్కడ పుట్టవు. పాముకి కావలసింది ఎలకలు, దూరడానికి సందులు. ఇటుకల కుప్ప, కొబ్బరి మట్టల కుప్ప, విరిగిన కుర్చీలు, ఇవి తీసేయండి. అదే చెప్తున్నాను పొద్దున్నుంచి, నేల కనపడాలి అని.

టైమైంది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. బయట బల్ల మీద తడిగుడ్డలో చుట్టి దొండ కొమ్మలు తెచ్చిపెట్టాను, నిన్న కత్తిరించినవే. ఇంటికొకటి తీసుకెళ్లండి. నాలుగు కణుపులున్నాయి, రెండు మట్టిలోకి, రెండు పైకి. కొమ్మకి పైవైపు ఏటవాలుగా, కిందివైపు సమంగా కోశాను, తలకిందులుగా పాతకండి. రెండు తీసుకున్నవాళ్లకి ఏమవుతుందో ఇందాకే చెప్పాను.